ఒకసారి చూశాగా, మళ్ళీ ఎందుకు?

మా చైర్మన్ గారు "ఆపండి" అన్నారు. మేనేజర్ పాన్‌కు "పెంచండి" అని వినిపించింది. రాద్ధాంతమంతా అక్కడే మొదలైందని మా కంపెనీలో అందరూ అంటారు. అననివ్వండి.

ఇక్కడి భాషలో ఆపమనడానికి "థింగ్" అంటారు. పైకి లేపమనడానికి "తింగ్" అంటారు. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క వత్తు. మరి ఆ క్షణంలో చైర్మన్ గారి మెడ, నడుము, పిక్కలు, పాదాలు అన్నిటినీ కుర్చీ ఒకేసారి ఒత్తుతోంది. ఒళ్ళంతా ఒత్తులు పడుతున్న మనిషికి నాలుక మీద వత్తు ఎక్కడ నిలుస్తుంది చెప్పండి!

మాది తైచుంగ్‌లో మసాజ్ కుర్చీలు తయారుచేసే కంపెనీ. ఆ కుర్చీలతో పాటు ఇచ్చే వాడుక పుస్తకాలు రాయడం నా ఉద్యోగం. "ఎర్ర బటన్ నొక్కిన వెంటనే కుర్చీ ఆగును" అన్న వాక్యం నాదే. నేను చేసిన కాల్పనిక రచన అదొక్కటే.

తైపేలో పెద్ద ఎగ్జిబిషన్. మా కొత్త మోడల్ కుర్చీకి ఎర్ర గుడ్డ కప్పి, తీసి, చప్పట్లు కొట్టించారు. చుట్టూ ఒసాకా నుంచీ జకార్తా నుంచీ వచ్చిన బయ్యర్లు. ఇలాంటప్పుడు నాజూకైన అమ్మాయిని కూర్చోబెట్టి చూపించడం ఆనవాయితీ. మా లాయ్ చైర్మన్ గారు ఒప్పుకోలేదు. నా కుర్చీలో నేనే కూర్చుంటానన్నారు. ఏ చైర్మన్ మాత్రం వేరేలా అంటాడు గనుక?

కూర్చున్నారు. కుర్చీ ఆయన పిక్కల్ని కరిచిపట్టుకుంది, భుజాలను లోపలికి లాక్కుంది, గుద్దడం మొదలుపెట్టింది. మొదట ఆయన నవ్వారు. తర్వాత నవ్వు ఉంది గానీ ఆయన అందులో లేరు. ఎర్ర బటన్ నొక్కారు. కుర్చీ గుద్దింది. మళ్ళీ నొక్కారు. మళ్ళీ గుద్దింది. "తి-తి-తింగ్" అన్నారు. పక్కనే నిలబడ్డ పాన్ చేతిలో జోరు పెంచే గుండ్రటి మీట ఉంది. ఆ మీట తీగ నేరుగా మోటారుకే పోతుంది, దానికి కోడ్‌తో సంబంధం లేదు. చైర్మన్ గారు పెంచమంటున్నారు కదా అని పాన్ తిప్పాడు. ఆయన ఇంకా గట్టిగా "తింగ్" అన్నారు. పాన్ ఇంకా తిప్పాడు. అంత విధేయుడైన ఉద్యోగిని మీరు చూసి ఉండరు!

చైర్మన్ గారి కళ్ళ వెంట నీళ్ళు కారాయి. బయ్యర్లు చప్పట్లు కొట్టారు. ఒక పెద్దమనిషి తన పక్కనున్న ఆవిడతో, "చూశావా, ఎంత హాయిగా ఉంటే మనిషి అలా ఏడుస్తాడు" అన్నాడు.

కుర్చీని పట్టుకుని వేలాడే మనుషులను మీరూ నేనూ బతుకంతా చూస్తూనే ఉన్నాం. మనిషిని పట్టుకుని వేలాడే కుర్చీని చూడటం నాకదే మొదలు. ఏది చైరో, ఎవరు మనిషో విడదీయలేని ఆ దృశ్యంలో చైర్మన్ అన్న మాటకు నిండైన అర్థం నాకు ఆ రోజే తెలిసింది.

చివరికి కో మేజెన్ జనాన్ని తోసుకుంటూ వచ్చి గోడకున్న ప్లగ్గు పీకేసింది. కుర్చీ ఆగింది. మేజెన్ ఎవరో తర్వాత చెబుతాను.

అందరూ దీన్ని ప్రమాదం అన్నారు, అవమానం అన్నారు. నేను ససేమిరా ఒప్పుకోను. ఆ కుర్చీ చేసింది మహాజ్ఞానులు చేసే పని. ఒకసారి చూసినదాన్ని మళ్ళీ చూడకపోవడమే జ్ఞానం! మానవజాతి ఇన్ని యుగాలుగా తంటాలు పడి అక్కడక్కడా అందుకున్న ఆ మెట్టును కుర్చీ మొదటి రోజే అందుకుంది. దాన్ని ఆ మెట్టు ఎక్కించిన గురువు పేరు కంపైలర్.

కంపైలర్ అంటే, మనిషి రాసిన కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యే అడుగులుగా మార్చే దుబాసీ. అన్నది అన్నట్టు మార్చి ఊరుకుంటే అది ఉత్త దుబాసీ. కానీ దానికొక దొడ్డ గుణం ఉంది. మనం చెప్పినదాంట్లో అనవసరమనిపించిన ముక్క తీసి పారేసి, పని చకచకా అయ్యేలా చేస్తుంది. ఆ గుణాన్ని ఆప్టిమైజర్ అంటారు. నా నోట అది ఆపుటిమైజర్ అని వస్తుంది. పేరు మొదట్లోనే ఆపు ఉంది చూడండి. ఆపడం తప్ప అన్నీ వచ్చు!

కుర్చీ కోడ్‌లో ఉన్నది ఇంతే. బటన్ చూడు. నొక్కలేదా, ఒక గుద్దు గుద్దు. మళ్ళీ బటన్ చూడు. నొక్కలేదా, ఇంకో గుద్దు. ఇలా తిరుగుతూనే ఉండటాన్ని లూప్ అంటారు. కంపైలర్ ఆ లూప్‌ను ఈ చివర నుంచి ఆ చివరకు చదివింది. బటన్ సంగతిని మార్చే వాక్యం ఇందులో ఒక్కటీ లేదే అనుకుంది. మార్చేవాడు లేనప్పుడు మారడం ఏమిటి? మారనిదాన్ని మాటిమాటికీ చూడటం ఏమిటి? పనిలేని పని కాకపోతే! కనుక అది మార్చిచ్చిన కోడ్‌తో కుర్చీ మొదట్లో ఒక్కసారి బటన్ వైపు చూసింది. "నొక్కలేదు" అన్న సంగతిని జేబులో వేసుకుంది. ఇక కళ్ళు మూసుకుని గుద్దడమే.

ఆ జేబును వాళ్ళు రిజిస్టర్ అంటారు. అందులో పడ్డ అభిప్రాయం రిజిస్ట్రాఫీసులో పడ్డ ఆస్తి లాంటిది. తేలిగ్గా బయటికి రాదు.

మరి బటన్ నొక్కే వేలు మాటేమిటి అంటారా? వేలు కోడ్‌లో లేదు. కోడ్‌లో లేనిది లోకంలో లేదు. ఇంతకు మించిన వేదాంతం ఏ స్వామి చెప్పగలడు?

ఇంకో తమాషా. కార్ఖానాలో పరీక్షలు చేసిన రోజుల్లో ఇదే కోడ్ బుద్ధిగా ఆగేది. ఎందుకంటే అప్పట్లో లూప్ మధ్యలో ఒక వసపిట్ట వాక్యం ఉండేది. గుద్దినప్పుడల్లా తెర మీద "గుద్దాను, గుద్దాను" అని రాసేది. తెర మీద రాసే పని ఈ లూప్‌కు బయట ఎక్కడో జరుగుతుంది. అక్కడ ఎవరేం చేస్తారో కంపైలర్‌కు తెలియదు. ఊరెళ్ళి వచ్చినవాడు ఇల్లంతా ఒకసారి చూసుకున్నట్టు, అక్కడి నుంచి తిరిగొచ్చాక ఎందుకైనా మంచిదని కుర్చీని బటన్ వైపు మళ్ళీ చూడమనేది. అంటే అనుమానం ఉన్నంతకాలం కుర్చీ ఆగింది. నమ్మకం కుదిరాక ఆగడం మానేసింది. లోకంలో జరిగేదీ ఇదే కదా?

ఒకసారి చూసి ఊరుకోవడంలో ఎంత సుఖముందో, ఎందరు దాని మీద బతుకుతున్నారో మీరెప్పుడైనా ఆలోచించారా?

మా వీధి మలుపులో టిఫిన్ కొట్టు నడిపే ఆవిడను తీసుకోండి. నేను ఈ ఊరికి వచ్చిన కొత్తలో ఆమె నన్ను చూసింది. అప్పుడు నాకు జుట్టుంది, నడుముంది. "అందగాడా, ముల్లంగి అట్టు పెట్టనా?" అంది. జుట్టు పోయింది, నడుము ఎటుపోయిందో తెలియదు. ఇవాళ పొద్దున కూడా "అందగాడా, అట్టులో గుడ్డు కొట్టనా?" అంది. ఆవిడ మళ్ళీ చూస్తే నా గతేం కాను? నా మనశ్శాంతి అంతా ఆవిడ పెనం మీద ఆధారపడి ఉంది!

మా ఇంటి యజమాని ఎండాకాలంలో ఒకసారి పైకప్పు చూశాడు. పొడిగా ఉంది. "కప్పు కారదు" అని జేబులో వేసుకున్నాడు. తుఫాను వచ్చి మా మంచం కింది చెప్పులు వంటింట్లోకి తేలివెళ్ళిన రోజు ఫోన్ చేస్తే, "అదెలా కారుతుందండీ, నేను చూశాను కదా" అన్నాడు. ఎంత నిబ్బరం! వాన కోడ్‌లో లేదు మరి.

ఎన్నికలొస్తే మా వంతెన స్తంభాలకు కట్టే బొమ్మలు చూడండి. బొమ్మలో నల్లటి జుట్టు, మెరిసే పళ్ళు, పిడికిలి బిగించిన చెయ్యి. ఓట్లు అడగడానికి వచ్చినాయన్ను ఇద్దరు పట్టుకుని మెట్లెక్కిస్తారు. బొమ్మ ఎప్పటిదని అడిగే అమర్యాదస్తుడు ఒక్కడూ లేడు. ఒకసారి తీయించారు, చాలదా?

మా పక్క ఊళ్ళో ఓ అధికారి గారు తుఫాను వస్తుందన్న రోజు పొద్దున్నే కిటికీ తెరిచి చూస్తే ఎండ కాస్తోందట. ఆఫీసులకు సెలవు లేదని ప్రకటించి కిటికీ మూసుకున్నారు. మధ్యాహ్నానికి స్కూటర్లు గాలికి ఎగిరిపోయాయి. అయినా మాట మార్చలేదు. దాన్నే స్థిరత్వం అంటారు!

మా ఆవిడ మాత్రం ఈ జ్ఞానానికి నోచుకోలేదు. పెళ్ళిచూపుల్లో ఒకసారి చూసి ఊరుకోవచ్చు కదా. రోజూ చూస్తుంది. రోజూ కొత్తగా ఏదో కనిపిస్తుంది. ఆవిడను ఏ కంపైలరూ బాగుచెయ్యలేదు.

సరే, మా చైర్మన్ గారి దగ్గరికి వద్దాం. ఆయన నాకు తెలిసినవాళ్ళందరిలోకీ గొప్ప ఆపుటిమైజర్.

ఇప్పుడు మేజెన్ సంగతి. మా కంపెనీలో కుర్చీ కోడ్ రాసే విభాగానికి పెద్ద ఆమె. కుర్రాళ్ళంతా "మేజెన్ అక్క" అంటారు. నోరు మిరపకాయ, పని బంగారం. అయితే ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చైర్మన్ గారు తన గదికి పిలిచి, చెక్క పళ్ళెం మీద చిట్టి కప్పుల్లో స్వయంగా టీ పోసి ఇచ్చారు. కొత్త పిల్ల, కప్పు చుర్రుమంది, చెయ్యి జారింది. టీ చైర్మన్ గారి ప్యాంటు మీద పడింది. ఎక్కడ పడిందో నేను రాయను.

చైర్మన్ గారు ఆ రోజు ఆమెను చూశారు. "చేతులు వణికే పిల్ల" అని జేబులో వేసుకున్నారు. అంతే. తర్వాత ఆ పిల్ల కంపెనీలో సగం కుర్చీలకు కోడ్ రాసింది. తన కింద పనిచేసేవాళ్ళకు పని నేర్పింది. జపాన్ వాళ్ళు మెచ్చుకుని మరీ కొన్న మోడల్ ఆమెదే. అయినా ఆయన నోట ఆమె పేరు "టీ అమ్మాయి". పెద్ద మీటింగుల్లో కూడా, "ఏదీ, ఆ టీ అమ్మాయిని పిలవండి. టీ ముందు తీసెయ్యండి" అని నవ్వేవారు. పాన్ కూడా నవ్వేవాడు. పాన్ చైర్మన్ గారికి స్వయానా బావమరిది. నవ్వాల్సిన చోటు అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎగ్జిబిషన్‌కు ముందు ఏం జరిగిందో విన్నారా? చైర్మన్ గారు కార్ఖానాలోకి వచ్చి తెర మీద "గుద్దాను, గుద్దాను" అని పరుగెత్తే వాక్యాలు చూశారు.

"ఏమిటీ వాగుడు? కుర్చీ గుద్దితే మనకు తెలియదా, అది మళ్ళీ చెప్పాలా? తీసెయ్యండి. తీసేసి కోడ్‌ను పూర్తి వేగంతో నడిచేలా తయారుచేయించండి."

మేజెన్ అంది, "తీసెయ్యచ్చండి. కానీ అది తీసేస్తే కుర్చీ బటన్ వైపు మళ్ళీ చూడకపోవచ్చు. కోడ్‌లో బటన్ పేరుకు ముందొక మాట తగిలించాలి. తగిలించి, మొత్తం మళ్ళీ పరీక్ష చేస్తాను."

పాన్ అడ్డుపడ్డాడు. "పరీక్ష అయిపోయిన కోడ్‌ను ముట్టుకుంటే అది పరీక్ష అయిన కోడ్ ఎలా అవుతుంది, అక్కా? ఇక ఎవరూ మార్చకుండా నేను దానికి తాళం వేసేశాను."

"వాక్యం తీయడం ముట్టుకోవడం కాదా?"

"అది తీయడం. ముట్టుకోవడం వేరు."

చైర్మన్ గారు ఫోన్ చూసుకుంటూ అన్నారు, "టీ అమ్మాయీ, నీకు అన్నీ భయాలే. ముందు కప్పు పట్టుకోవడం రానీ, తర్వాత కుర్చీ సంగతి చూద్దాం."

వాక్యం తీశారు. మాట తగిలించలేదు. తర్వాత కథ మీకు తెలిసిందే.

ఎగ్జిబిషన్ నుంచి తిరిగొచ్చాక చైర్మన్ గారి టీ గదిలో విచారణ పెట్టారు. ఆయన మెడకు పట్టీ ఉంది కనుక తల తిప్పలేరు, కూర్చున్న చోట నుంచి నేరుగా ముందుకే చూస్తున్నారు. అంతకుముందు మాత్రం ఏం తిప్పారు గనుక? పాన్ ఉన్నాడు, మేజెన్ ఉంది, మేజెన్ కింద పనిచేసే కుర్రాళ్ళంతా గోడవారగా నిలబడ్డారు. వాడుక పుస్తకంలో ఏదైనా మార్చాల్సి వస్తుందేమోనని నన్నూ కూర్చోబెట్టారు.

ఇలాంటి విచారణలో మొదటి సాక్షి ఎవరో ఇక్కడివాళ్ళకు చెప్పక్కర్లేదు. పొట్లం.

యంత్రం ఉన్న ప్రతిచోటా దాని నెత్తిన ఒక ఆకుపచ్చ పొట్లం ఉంటుంది. కొబ్బరి వాసన వేసే మొక్కజొన్న బొరుగులు. ఆ తినుబండారం పేరుకు "బుద్ధిగా ఉండు" అని అర్థం. బ్యాంకులో ఉంటుంది, ఆసుపత్రిలో ఉంటుంది, రైలు టికెట్ల గదిలో ఉంటుంది. ఆకుపచ్చదే ఉండాలి. పసుపుది పెడితే యంత్రం అలుగుతుంది. తేదీ దాటితే అసలే పనికిరాదు. విప్పి తిన్నవాడి గురించి మాట్లాడుకోకూడదు.

"ముందు పొట్లం సంగతి తేల్చండి" అన్నారు చైర్మన్ గారు.

పాన్ దాన్ని రెండు చేతులతో తెచ్చి పళ్ళెం పక్కన పెట్టాడు. "ఆకుపచ్చేనండి బావగారూ. తేదీ ఇంకా చాలా ఉంది. ప్రతి సోమవారం నేనే స్వయంగా చూస్తాను. ఎవరూ విప్పలేదు."

"అయితే యంత్రం తప్పు లేదు."

గోడవార కుర్రాళ్ళు తలలూపారు. నేనూ ఊపాను. ఇంత శాస్త్రీయంగా ఆలోచించేవాళ్ళ మధ్య ఉంటే తల దానంతట అదే ఊగుతుంది.

"మరి నువ్వెందుకు పెంచావురా?"

"మీరు తింగ్ అన్నారు. నేను పైకి తిప్పాను. మీ మాట ఎప్పుడైనా జవదాటానా? ఇంటికెళ్ళి అక్కను అడగండి."

అక్క అంటే చైర్మన్ గారి ఇల్లాలు. విచారణ ఆ దిక్కుగా పోవడం ఎవరికీ మంచిది కాదు. చైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు.

"ఒక వత్తు వినబడలేదు, అంతే. అది నీ తప్పు కాదు, నా నోటి తప్పు. సరే. బయ్యర్ల ముందు ప్లగ్గు పీకిందెవరు?"

"నేనేనండి" అంది మేజెన్.

"అందరి ముందూ?"

"పక్కకు జరగమంటే వాళ్ళు జరగలేదండి. మీరు ఏడుస్తుంటే చూడటం వాళ్ళకు బాగున్నట్టుంది."

పాన్ అందుకున్నాడు. "ఇంకాసేపు ఓపిక పడితే ప్రోగ్రాం అయిపోయేది కదక్కా, పరువు నిలిచేది."

"నిజమే. అయిపోయేది. కుర్చీ ప్రోగ్రాం కాదు, మీ బావగారు."

ఒక కుర్రాడు దగ్గాడు. అది నవ్వని అందరికీ తెలుసు.

చైర్మన్ గారు టీ పోసుకున్నారు. "టీ అమ్మాయీ, నీకూ యంత్రాలకూ పడదు. మొదటి రోజే అనుకున్నాను. ఈ నెలాఖరుకు ఇంకెక్కడైనా చూసుకో."

మేజెన్‌కు ఈ ఉద్యోగం ఎంత అవసరమో గోడవార కుర్రాళ్ళకు తెలుసు, నాకూ తెలుసు. తల్లి కంటి ఆపరేషన్ ఒకటి అయ్యింది, రెండో కన్ను మిగిలే ఉంది. ప్లగ్గు పీకినందుకు తీసేశారన్న పేరుతో బయటికి వెళ్తే తైచుంగ్‌లో ఏ కార్ఖానా ఆమెను మళ్ళీ కుర్చీ దగ్గరికి రానివ్వదు.

ఆమె పొట్లాన్ని చేతిలోకి తీసుకుంది. పాన్ ఊపిరి బిగబట్టాడు.

"చైర్మన్ గారూ, దీని మీద తేదీ కొన్నప్పుడే చూశారు కదా. మళ్ళీ ప్రతి సోమవారం ఎందుకు చూడటం?"

"అదేం ప్రశ్న? దాటిపోతుంది కదా."

"పొట్లం మీద రాసింది మారదే. చూసిందే కదా, మళ్ళీ చూడటం ఎందుకు?"

"పొట్లం మారదమ్మా, బయట రోజులు మారతాయి. బయట మారేది పొట్లానికేం తెలుసు? మనమే చూసుకుంటూ ఉండాలి."

"బటన్ సంగతీ అంతేనండి. కోడ్ మారదు. బయట వేలు వచ్చి నొక్కుతుంది. ఆ సంగతి కోడ్‌కు తెలియదు. ప్రతి గుద్దుకూ ముందు చూసుకుంటూ ఉండాలి. మన కుర్చీ మొదట్లో ఒక్కసారి చూసి, నొక్కలేదని జేబులో వేసుకుని, ఇక చూడటం మానేసింది. మీరు బటన్ నొక్కుతూనే ఉన్నారు. అది చూస్తేగా?"

చైర్మన్ గారి చేతిలో కప్పు ఆగింది.

"అంటే నేను థింగ్ అన్నానా తింగ్ అన్నానా..."

"దేనికీ సంబంధం లేదండి. పాన్ గారు సరిగ్గా విని ఉంటే జోరు తగ్గించేవారు. అప్పుడు మిమ్మల్ని మెల్లగా గుద్దేది. గుద్దడం మాత్రం మానేది కాదు. నేను ప్లగ్గు పీకకపోతే ఇప్పుడు కూడా గుద్దుతూ ఉండేది."

కుర్రాళ్ళలో ఒకడు, "ఓహో" అన్నాడు. ఇంకొకడు పక్కవాడికి చేతులతో చూపించాడు, కన్ను తెరవడం, జేబులో వేసుకోవడం, గుద్దడం. పాన్ మొహం కూడా వికసించింది, వత్తు నేరం తన నెత్తి మీద నుంచి పూర్తిగా దిగిపోయింది కదా. అందరికీ అంతా అర్థమైంది. కాసేపు ఆ గదిలో జ్ఞానం పొంగిపొర్లింది.

"దీనికి మందేమిటి?" అన్నారు చైర్మన్ గారు.

"ఒక్క మాట. వోలటైల్ అని. ఇది చెప్పకుండా మారే రకం, ప్రతిసారీ చూడు, పాత అభిప్రాయం పెట్టుకోకు అని దానర్థం. బటన్ పేరు ముందు అది తగిలిస్తే చాలు."

ఆ మాటను నేను "ఓ, లేటైంది" అని గుర్తుపెట్టుకున్నాను. మా కంపెనీకి అది వచ్చిన తీరుకు ఆ పేరే నప్పుతుంది.

చైర్మన్ గారు సంతోషించారు. నిజంగానే సంతోషించారు. తొడ మీద చరుచుకోబోయి నొప్పికి ఆగిపోయారు.

"భలే. ఇంత చిన్న మాటా? పాన్, విన్నావుగా. రేపే ఎవరైనా మంచి ఇంజనీరును చూసి ఆ మాట తగిలించు. ఈ టీ అమ్మాయి చేతికి ఇవ్వకు, చేతులు వణుకుతాయి. అమ్మాయీ, నెలాఖరు మాట వదిలెయ్. ఉండు. నిన్నెవరూ పొమ్మనడం లేదు."

నేను మేజెన్ వైపు చూశాను. ఆమె తన ముందున్న చిట్టి కప్పు ఎత్తింది. అంచు దాకా నిండి ఉంది. బల్ల మీద నుంచి పెదాల దాకా తీసుకెళ్ళి, తాగి, తిరిగి పళ్ళెంలో పెట్టింది. ఒక్క చుక్క ఒలకలేదు. గోడవార ఉన్నవాళ్ళంతా చూశారు. చైర్మన్ గారు ఫోన్ చూసుకుంటున్నారు.

"అక్కర్లేదండి. నేను మానేస్తున్నాను" అంది.

"సరే, సరే, అలాగే కానీ" అన్నారు ఆయన, ఫోన్ నుంచి తలెత్తకుండా.

ఆ వోలటైల్ మాటను తర్వాత కుర్రాళ్ళలోనే ఒకడు తగిలించాడు. అక్క నేర్పినవాడే. ఇప్పుడు మా కుర్చీ ప్రతి గుద్దుకూ ముందు బటన్ వైపు చూస్తుంది. వేలు అలా ఆనిందో లేదో, టక్కున ఆగిపోతుంది. నేను రాసిన ఏకైక కల్పన కాస్తా నిజమైపోయి నా సాహిత్యం ముగిసింది. మేజెన్ సిన్‌చూలో ఇంకో చోట చేరిందని విన్నాను. మసాజ్ కాదట, ఆసుపత్రి మంచాలట. అక్కడ బటన్ నొక్కేవాళ్ళకు అరిచే ఓపిక కూడా ఉండదు. మంచి చోటికే వెళ్ళింది. అమ్మ రెండో కంటి ఆపరేషన్ కూడా అయిపోయిందట. ఆవిడ ఇప్పుడు ప్రతిదాన్నీ రెండేసి సార్లు చూస్తోందని మేజెన్ ఫోన్‌లో నవ్వింది.

ఇంత చెప్పాక నా వాదం నాకే కొంచెం వదులైనట్టుంది. ఒకసారి చూసి ఊరుకోవడం గొప్ప జ్ఞానమని కదా మొదలుపెట్టాను? గొప్పదే. జేబులో వేసుకున్నవాడికి గొప్పదే. గుద్దులు తినేవాడికే కాస్త ఇబ్బంది. కుర్చీకైతే ఒక మాట తగిలించాం, సరిపోయింది. కుర్చీలో కూర్చున్నవాళ్ళకు ఏం తగిలించాలో ఏ కంపైలర్ పుస్తకంలోనూ రాయలేదు!

మొన్న ఒసాకా బయ్యర్లు మళ్ళీ వచ్చారు. కుర్చీ ఎక్కారు, బటన్ నొక్కారు, ఆగింది. మళ్ళీ నొక్కారు, మళ్ళీ ఆగింది. ముచ్చట పడ్డారు. దీన్ని బాగుచేసిన ఇంజనీరును చూడాలన్నారు. చైర్మన్ గారి మెడ పట్టీ అప్పటికి తీసేశారు. మెడ చక్కగా తిరుగుతోంది.

"మా టీ అమ్మాయే" అన్నారు గర్వంగా. పిలిచి మెచ్చుకోవాలని నిజంగానే అనుకున్నట్టున్నారు. బయ్యర్లను వెంటబెట్టుకుని కోడ్ రాసే గదిలోకి వచ్చారు. వస్తూనే, "అమ్మాయీ, లే, వీళ్ళకు నమస్కారం పెట్టు" అన్నారు.

ఎవరూ లేవలేదు. ఆమె సీటు ఖాళీగా ఉంది. సీట్లో ఎవరో ఆకుపచ్చ పొట్లం ఒకటి పెట్టారు. కుర్రాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బయ్యర్లు సీటును చూసి, పొట్లాన్ని చూసి, మర్యాదగా దానికే తలవంచారు.

పాన్ గొణిగాడు, "బావగారూ, ఆమె మానేసి చాలా కాలమైంది. మీకే చెప్పింది కదా. మీరు సరే అన్నారు కూడా."

"మానేయడమేమిటి" అన్నారు చైర్మన్ గారు, ఖాళీ సీటు పక్కన నిలబడి. "ఇక్కడే ఉంటేనూ. నేను చూశాను కదా."